ఇజెన్, బ్రోమో చూడవచ్చు. ఎంత దగ్గరికి వెళ్లాలన్నదే అసలు ప్రశ్న

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జూలైలో బాలి వెళ్తున్నారు. అక్కడి నుంచి తూర్పు జావాలోని ఇజెన్, బ్రోమో అగ్నిపర్వతాలు కూడా చూడాలని ఉంది. మీ దంపతులు, తొమ్మిదేళ్ల బాబు, అరవై దాటిన మీ అత్తగారు. ఆవిడకు ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. బాలిలోని ఏజెంటు "రోజూ వందలమంది వెళ్లి వస్తున్నారు, ఏమీ కాదు" అంటున్నాడు. నమ్మవచ్చా?

ముందు సూటిగా చెబుతాను. బ్రోమోకు నలుగురూ వెళ్లండి. అక్కడ మెట్లెక్కి బిలం (అగ్నిపర్వతం నోరు) అంచుదాకా పోవాలా వద్దా అన్నది మాత్రం ఆ వారం నిర్ణయించుకోండి. ఇజెన్‌కు మీ అత్తగారు వద్దు. బాబు వస్తే తెల్లవారాక పై అంచుదాకానే. రాత్రివేళ గంధకం మండి కనిపించే నీలిమంట కోసం బిలంలోకి దిగడం వాడికి వద్దే వద్దు. ఇక మిగిలిందంతా ఇలా ఎందుకు అంటున్నానో చెప్పడమే. నేను తూర్పు జావాలోని సురబయ నగరంలో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. మన ఊళ్ల నుంచి వచ్చే బంధువులకు, స్నేహితులకు ఈ రెండు కొండలూ చూపించే పని ఎలాగో నా మెడకే చుట్టుకుంది.

మీ ఏజెంటు అబద్ధం ఆడటం లేదు. రోజూ వందలమంది వెళ్లి వస్తున్న మాట నిజమే. కానీ నిన్నటివాళ్లు క్షేమంగా దిగి వచ్చారు కనుక రేపు మీరూ వస్తారని కొండతో ఎవరికీ ఒప్పందం లేదు. పశ్చిమ సుమత్రాలో మరాపి అని ఒక అగ్నిపర్వతం ఉంది. 2023 డిసెంబర్ 3, ఆదివారం నాడు అది పేలే సమయానికి కొండ మీద 75 మంది ఉన్నారు. 24 మంది చనిపోయారు. వాళ్లు దొంగదారిన ఎక్కినవాళ్లు కాదు, పేర్లు నమోదు చేయించుకుని ఎక్కినవాళ్లు. బిలానికి మూడు కిలోమీటర్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదని అదే దేశపు అగ్నిపర్వత పరిశీలకులు అప్పటికే చెబుతూ ఉన్నారు. కొండ ఎక్కడానికి అనుమతి ఇచ్చేది ఒక శాఖ, కొండ నాడి చూసేది ఇంకో శాఖ. ఇద్దరి మాటా ఒకటే అనుకోవడం దగ్గరే ప్రయాణికుడు దెబ్బ తింటాడు. (జావాలో యోగ్యకర్త దగ్గరున్న మెరాపి వేరు, సుమత్రాలోని మరాపి వేరు. వార్తలు వెతికేటప్పుడు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.)

ఆ నాడి చూసే శాఖ పేరు పి.వి.ఎం.బి.జి. దాని ప్రధాన కార్యాలయం బాండుంగ్ నగరంలో ఉంది. వాళ్ల సమాచారమంతా 'మాగ్మా ఇండోనేసియా' వెబ్‌సైటులో, ఫోను యాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి అగ్నిపర్వతానికీ నాలుగు స్థాయిల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒకటి మామూలు స్థితి. రెండు 'వాస్పద', అంటే అప్రమత్తం. మూడు 'సియాగ', అంటే సిద్ధంగా ఉండవలసిన స్థితి. నాలుగు 'అవస్', అంటే ఖాళీ చేయవలసిన స్థితి. చాలామంది ఈ అంకె చూసి యాప్ మూసేస్తారు. అది సగం పనే. అదే నివేదికలో 'రెకొమెండసి', అంటే సిఫార్సులు, అని ఒక భాగం ఉంటుంది. అందులో 'రదియుస్' అన్న మాట పక్కన బిలం నుంచి ఎన్ని కిలోమీటర్ల అవతల ఉండాలో రాసి ఉంటుంది. ఇండోనేసియా భాష రాకపోయినా ఫోనులోని అనువాదకం సరిపోతుంది. నాకైతే స్థాయి అంకె కన్నా ఈ దూరం అంకే ముఖ్యం. మ్యాపులో బిలం మీద వేలు పెట్టి అంత దూరం కొలవండి. మీరు నిలబడబోయే చోటు లోపల పడిందా, బయట పడిందా? ఏజెంటును అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. "సురక్షితమేనా" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

బ్రోమో సంగతే తీసుకోండి. ఎన్నో ఏళ్లపాటు అది రెండో స్థాయిలోనే ఉంది, బిలానికి ఒక కిలోమీటరు లోపలికి వెళ్లవద్దన్న సిఫార్సుతో. ఆ ఏళ్లలో కూడా బిలం అంచుకు తీసుకెళ్లే మెట్ల మీద జనం కిటకిటలాడుతూనే ఉన్నారు. 2019 జూలై 19న ఆ కొండ బూడిద ఎగజిమ్మింది. ఆ వెంటనే కురిసిన వానకు కింది ఇసుక మైదానంలో వరద పారింది. అంతకు ముందు 2004 జూన్‌లో జరిగిన పేలుడులో ఇద్దరు చనిపోయారు. బ్రోమో చాలా వరకు తల వంచుకుని పొగ వదులుతూ ఉంటుంది కాబట్టి పెంపుడు కొండలా కనిపిస్తుంది. అది పెంపుడుది కాదు.

అలాగని స్థాయి ఒకటిలో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చా? జపాన్‌లోని ఒంటాకే కొండ 2014 సెప్టెంబర్ 27న మధ్యాహ్నం కాబోతుండగా పేలింది. శనివారం, ఆకులు రంగు మారే కాలం, శిఖరం దగ్గర భోజనాలకు కూర్చున్నవారు ఎందరో. 63 మంది చనిపోవడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆ రోజు కొండ ఉన్నది కనిష్ఠ స్థాయిలోనే. కొత్త లావా పైకి వస్తే భూమి కంపిస్తుంది, కొండ ఉబ్బుతుంది, పరికరాలు పసిగడతాయి. ఒంటాకేలో జరిగింది అది కాదు. కొండ లోపల చిక్కుకున్న నీరు వేడెక్కి ఒక్కసారిగా ఆవిరై రాళ్లను చిమ్మింది. ఇలాంటి ఆవిరి పేలుడుకు ముందస్తు సూచన చాలా తక్కువ. న్యూజిలాండ్‌లోని వకారి ద్వీపంలో 2019 డిసెంబర్ 9న జరిగిందీ ఆ జాతి ప్రమాదమే. ద్వీపం మీద 47 మంది ఉన్నారు, 22 మంది ప్రాణాలు పోయాయి. అందుకే యాప్ చూడటంతో పని అయిపోదు. బిలం దగ్గర గడిపే సమయాన్ని తగ్గించుకోవడం మీ చేతుల్లో ఉన్న రెండో రక్షణ. అంచుకు చేరండి, చూడండి, ఫొటోలు తీసుకోండి, వెనక్కి వచ్చేయండి. టిఫిన్ డబ్బా అక్కడ విప్పకండి. కింద పార్కింగు దగ్గర తింటే ఇడ్లీ రుచి ఏమీ తగ్గదు.

ఇప్పుడు ఇజెన్. ఇక్కడ పేలుడు కన్నా ముందు ఆలోచించవలసింది గాలి గురించి. పాల్తుదింగ్ అనే చోట వాహనాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి సుమారు మూడు కిలోమీటర్ల నడక, దాదాపు ఐదు వందల మీటర్ల ఎక్కుడు. పై అంచు నుంచి చూస్తే కింద పాలపచ్చ రంగు సరస్సు. అంత అందంగా కనిపించే ఆ నీటి పీహెచ్ విలువ 0.5 కన్నా తక్కువ, అంటే బ్యాటరీలో పోసే ఆమ్లం వంటిది. సరస్సు ఒడ్డున గంధకం వాయువులు పగుళ్లలోంచి వందల డిగ్రీల వేడితో బయటికి వచ్చి గాలి తగలగానే మండుతాయి. రాత్రివేళ కనిపించే నీలిమంట అదే. చాలామంది దాన్ని నీలం లావా అని రాస్తారు. అది లావా కాదు, మండుతున్న గంధకం.

నీలిమంట చీకట్లోనే కనిపిస్తుంది. కాబట్టి అందరూ తెల్లవారుజామునే బిలంలోకి దిగుతారు. గాలి కదలిక తక్కువగా ఉండేదీ ఆ వేళలోనే. సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ మూడూ మామూలు గాలి కన్నా బరువైనవి. బిలం లాంటి గుంతలో అవి అడుగున పేరుకుంటాయి. పైగా హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఒక మోసపు గుణం ఉంది. మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని ఊపిరి పీల్చుకునే సమయం కాదది. 2018 మార్చిలో ఇజెన్ సరస్సు నుంచి ఒక్కసారిగా వాయువు తన్నుకొచ్చి దగ్గరి గ్రామంలో దాదాపు 30 మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లు బిలంలోకి దిగినవాళ్లు కాదు, తమ ఇళ్లలో, తమ పొలాల దగ్గర ఉన్నవాళ్లు.

మీ అత్తగారి విషయంలో నేను ఇంత గట్టిగా వద్దనడానికి కారణం సల్ఫర్ డయాక్సైడ్. ఆరోగ్యవంతుడికి గొంతులో ఘాటుగా తగిలే మోతాదు ఆస్తమా ఉన్నవారికి శ్వాసనాళాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎక్కుడు వల్ల ఆయాసపడుతూ నోటితో గాలి పీల్చేటప్పుడు అది ఇంకా త్వరగా జరుగుతుంది. పాల్తుదింగ్‌లో చేతిబండ్లు ఉంటాయి. మనుషులు ముందు లాగుతూ వెనక నెడుతూ పైకి చేరుస్తారు. "అమ్మగారిని బండిలో కూర్చోబెడతాం" అని తప్పకుండా అంటారు. మీ సమస్య కాళ్లది కాదు, ఊపిరిది. బండి దాన్ని తీర్చదు. ఇజెన్‌కు వైద్య ధ్రువపత్రం కావాలన్న నిబంధన కూడా ఉంది. అయితే దారిలో ఏదో క్లినిక్ దగ్గర బీపీ చూసి, కొన్ని నిమిషాల్లో చేతిలో పెట్టే కాగితం అది. దాన్ని నమ్ముకుని వెళ్లకండి. మీ ఊళ్లో ఆవిడను చూస్తున్న డాక్టరును అడగండి. గుండె జబ్బు ఉన్నవారికీ, గర్భిణులకూ ఇదే మాట.

పెద్దలు నీలిమంట దగ్గరికి దిగాలనుకుంటే మాస్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సర్జికల్ మాస్కు, ఎన్-95 మాస్కు వాయువును ఆపవు. ఎన్-95 బూడిదకు పనికొస్తుంది, గ్యాసుకు కాదు. కావలసింది ఆమ్ల వాయువులను పట్టే కార్ట్రిడ్జ్ బిగించిన రబ్బరు మాస్కు. పాల్తుదింగ్‌లో అవి అద్దెకు దొరుకుతాయి. కానీ లోపలి కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారో అద్దెకిచ్చేవాడికే గుర్తుండదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పారిశ్రామిక భద్రతా సామగ్రి అమ్మే దుకాణంలో కొత్తది కొనుక్కోండి. లేబుల్ మీద సల్ఫర్ డయాక్సైడ్ లేదా ఆమ్ల వాయువులు అని ఉందో లేదో, గడువు తేదీ ఎప్పుడో చూసుకోండి. మాస్కు ముఖానికి గట్టిగా అంటుకోవాలి. గడ్డం ఉంటే అంటుకోదు. పిల్లల ముఖానికి పెద్దల మాస్కు అసలే అంటుకోదు. బాబును దించవద్దన్నది అందుకే. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలు పెట్టుకోండి. కళ్లను పూర్తిగా మూసే గాగుల్స్ అయితే ఇంకా మంచిది. ఇంకొక చిన్న సంగతి. మీ ఆవిడ మెట్టెలు, పట్టీలు వెండివి అయితే హోటల్లోనే వదిలి వెళ్లడం మంచిది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు వెండి నల్లబడుతుంది.

బిలంలోకి దిగవద్దని రాసిన బోర్డు అంచు మీదే ఉంటుంది. దాని పక్కనుంచే గైడ్లు జనాన్ని దించుతుంటారు. నేను మీకు "దిగండి" అని చెప్పను. దిగేవాళ్లు ఎలాగూ దిగుతారు కనుక ఒక్క మాట: గంధకం మోసే కూలీలను చూస్తూ ఉండండి. డెబ్బై కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బరువును భుజాన వేసుకుని ఆ రాళ్ల దారిలో ఎక్కే మనుషులు వాళ్లు. పొగ ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా మీ గైడుకు తెలియదు. వాళ్లు బుట్టలు దించి పైకి నడుస్తున్నారంటే ఫొటో సగంలో ఆపేసి మీరూ నడవండి. పొగ మీ మీదికి మళ్లితే దాని దారికి అడ్డంగా పక్కకు, వీలైతే పైకి జరగండి. కిందికి వద్దు. మాస్కు లేకపోతే తడిగుడ్డ ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోండి. సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో కరుగుతుంది కాబట్టి కొంత ఊరట ఉంటుంది, కొంతే. ఇరుకు దారిలో కూలీలు ఎదురొస్తే కొండగోడ వైపు ఒదిగి వాళ్లకు దారి ఇవ్వండి. లోయ వైపు మాత్రం జరగకండి.

లోయ అన్నాను కనుక: 2024 ఏప్రిల్‌లో ఇజెన్ అంచు మీద ఒక చైనా పర్యాటకురాలు ఫొటో దిగుతూ వెనక్కి అడుగులు వేసి జారిపడి చనిపోయారు. కొండ పేలలేదు, వాయువు రాలేదు. అంచు అంచే.

బ్రోమో దగ్గర పని చాలా తేలిక. చెమోరో లావాంగ్ గ్రామంలోనో చుట్టుపక్కలో బస చేసి, తెల్లవారుజామున జీపులో పెనంజాకన్ అనే చోటుకు వెళ్తే సూర్యోదయం చూడవచ్చు. ఆ చోటు 2,770 మీటర్ల ఎత్తు. బ్రోమో శిఖరం 2,329 మీటర్లే, కాబట్టి పై నుంచి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. వెనకాల 3,676 మీటర్ల సెమేరు కనిపిస్తుంది, అప్పుడప్పుడు చిన్న పొగమబ్బు వదులుతూ. జావాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ అదే. 2021 డిసెంబర్‌లో దాని వేడి బూడిద ప్రవాహాలు 50 మందికి పైగా ప్రాణాలు తీశాయి. పెనంజాకన్ నుంచి ఈ దృశ్యమంతా ఒకేసారి కళ్ల ముందు ఉంటుంది. నన్నడిగితే బిలం అంచు నుంచి కనిపించేదాని కన్నా ఇదే గొప్ప. మీ అత్తగారికి ఇక్కడికి రావడంలో నడక పెద్దగా లేదు. గాలి వాటం చూసుకుని, ఆవిడను జీపుల పొగకు దూరంగా నిలబెట్టండి. ఆస్తమాకు ఆ పొగ, కింద ఇసుక మైదానంలో లేచే దుమ్ము కూడా పడవు. ఎన్-95 మాస్కు ఇక్కడ పనికొస్తుంది.

తర్వాత జీపు ఇసుక మైదానంలోకి దించుతుంది. అక్కడ టెంగర్ హిందువుల గుడి ఉంది. ఏటా కసాద పండుగకు వాళ్లు కూరగాయలు, కోళ్లు, డబ్బు తెచ్చి బిలంలో సమర్పిస్తారు. అంచు మీద వినాయకుడి విగ్రహం ఉంటుంది. మన వాళ్లు మెట్లెక్కాలని పట్టుబట్టడానికి సగం కారణం ఆయనే. మెట్లు సుమారు 250. ఆ వారం సిఫార్సులో 'ఒక కిలోమీటరు' అని ఉంటే మెట్లు ఆ గీత లోపలే ఉన్నాయి. అప్పుడు బాబును ఎక్కించకండి. మైదానం నుంచే వినాయకుడికి దండం పెట్టించండి, ఆయన ఏమీ అనుకోడు. దూరం నిబంధన లేని రోజున ఎక్కితే, కంచె ఉన్న మేర దాటి అంచు మీద నడవకండి. దారి ఇరుకు, రెండు వైపులా జారుడు.

జూలైలో అక్కడ చలి ఎంత ఉంటుందో మీ ఏజెంటు చెప్పి ఉండడు. వానలు లేని కాలం కాబట్టి వెళ్లడానికి మంచి నెలే. కానీ తెల్లవారుజామున సున్నా దరిదాపులకు పడిపోతుంది, ఒక్కోసారి ఇసుక మైదానం మీద మంచు పేరుకుంటుంది. బాలి సముద్రపు ఒడ్డున వేసుకునే నిక్కర్లతో వచ్చి జీపులో వణికేవాళ్లను ఎందరినో చూశాను. చల్లగాలి ఆస్తమాకు కూడా శత్రువే. స్వెటర్, మంకీ టోపీ, ముక్కుకు మఫ్లర్. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, ఆవిడ చేతిసంచిలో ఉండాలి.

ఎవరూ మాట్లాడని ప్రమాదం ఒకటుంది: రోడ్డు. బాలి నుంచి ఇజెన్‌కు ఒక్క రాత్రి యాత్ర అని అమ్ముతారు. రాత్రి బయల్దేరి, గిలిమానుక్‌లో ఓడ ఎక్కి, జావాలో దిగి, కొండెక్కి, మధ్యాహ్నానికి తిరిగి రావడం. మీరు కాసేపు కునుకు తీస్తారు, డ్రైవరుకు ఆ భాగ్యం లేదు. తిరుగు ప్రయాణంలో అతని కళ్లు మూతలు పడుతుంటే ఏ యాప్ మీకు హెచ్చరిక పంపదు. ముందురోజు సాయంత్రానికే జావా వైపు బాన్యువాంగిలో బస చేయండి. కొండ దిగాక రెండు మూడు గంటలు పడుకుని బయల్దేరండి. జావా గడియారం బాలి కన్నా ఒక గంట వెనక ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. డ్రైవరు చెప్పిన "పన్నెండు" ఏ గడియారం ప్రకారమో అడగండి.

ఒకవేళ మీరు అక్కడ ఉండగా నిజంగానే కొండ చప్పుడు చేస్తే? ఫోను తీయకండి. రాళ్లు పడుతుంటే తలను వీపు సంచితో కప్పుకుని పెద్ద బండ వెనక్కి చేరండి. రాళ్లు ఆగగానే బిలానికి దూరంగా దిగండి, లోయ, వాగు దారులు కాకుండా గట్టు వెంబడి. బురద, వేడి బూడిద రెండూ పల్లపు దారినే పట్టుకుంటాయి. వేడి బూడిద ప్రవాహం కారు కన్నా వేగంగా వస్తుంది, దానితో పందెం పెట్టుకునే పని లేదు. దూరం అంకెను ముందే పాటించడం తప్ప దానికి విరుగుడు లేదు. బూడిద పడితే కళ్లు నలపకండి. అది కట్టెల బూడిద కాదు, పొడైన రాయి, గాజు.

ఆఖరుది విమానం. బాలి విమానాశ్రయాన్ని ఆపడానికి బాలిలోని కొండే పేలనక్కరలేదు. తూర్పున ఫ్లోరెస్ ద్వీపంలో ఉన్న లెవొతోబి అగ్నిపర్వతం 2024 నవంబర్‌లోనూ, 2025 జూన్‌లోనూ బూడిద చిమ్మినప్పుడు బాలి విమానాలు ఎన్నో రద్దయ్యాయి. బూడిద ఇంజనులో కరిగి అంటుకుపోతుంది. 1982లో జావా మీదుగా వెళ్తున్న ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిద వల్ల నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ మళ్లీ రాజుకుని జకార్తాలో దిగింది. కాబట్టి రద్దు చేశారని కౌంటరు దగ్గర గొడవపడకండి. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. అత్తగారి మందులు నాలుగైదు రోజులకు అదనంగా పెట్టుకోండి. ప్రయాణ బీమా టికెట్లతోపాటే కొనండి. పేలుడు వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీలో ఆ పేలుడుకు పరిహారం దొరకడం కష్టం. పాలసీలో ప్రకృతి విపత్తు వల్ల కలిగే ఆలస్యం, బస ఖర్చులు ఉన్నాయో లేదో చదవండి. అగ్నిపర్వతం ఎక్కడాన్ని సాహస క్రీడగా లెక్కగట్టి మినహాయించారేమో కూడా చూడండి.

మీ రోజుల లెక్క నాకు తెలియదు కాబట్టి వరుస మాత్రం చెబుతాను. రెండు కొండలకూ వేళ చాలకపోతే బ్రోమో ఉంచుకుని ఇజెన్ వదిలేయండి. రెండూ కుదిరితే ఇజెన్ రాత్రి మీ ఆవిడ, మీరు ఇద్దరూ ఒకేసారి వెళ్లవద్దు. ఒకరు బాన్యువాంగి హోటల్లో అత్తగారి దగ్గర ఉండండి. బాబు చీకట్లో నడక వద్దంటే వాణ్ణి కూడా అక్కడే పడుకోనివ్వండి.